బావ రాసింది, నేను చదివింది

మా బావ పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. చేసింది ఆయన దగ్గర కారు నేర్చుకుంటున్న ఒక కుర్రాడు. తిన్నగా చెప్పలేకపోయాడు. "సార్, మాస్టరు లేవడం లేదు సార్. నేను ముప్పావు గంటగా కారు పక్కన నిలబడుకోనుండాను. పరీక్ష పెట్టినాడనుకుంటిని సార్," అని ఏడ్చాడు.

ఆ పరీక్ష సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మా బావ తిరువళ్లూరులో డ్రైవింగు స్కూలు నడిపేవాడు. పొద్దున ఆరింటికి రమ్మని, ఏడు దాకా తాళం ఇవ్వకుండా కూర్చోవడం ఆయన పద్ధతి. ఆ గంటలో పిల్లాడు విసుక్కున్నాడా, గేటు తన్నాడా, ఫోనులో ఎవరినైనా తిట్టాడా అన్నీ గమనించేవాడు. గంట తర్వాత తాళం చూపిస్తాడు. కోపంతో లాక్కుని బండి ఎక్కినవాడు ఆ రోజుకు ఫెయిలు. "కొంచెం నీళ్లు తాగొస్తా మాస్టరూ" అన్నవాడు పాసు. ఆ రోజు బావ ఇంటి ముందు వేపచెట్టు నీడలో, కారులో నేర్పేటప్పుడు తను కూర్చునే ఎడమ సీట్లో, మొహం మీద తువ్వాలు వేసుకుని ఉన్నాడు. కుర్రాడు పరీక్షే అనుకున్నాడు. తలుపు తట్టలేదు, విసుక్కోలేదు, బుద్ధిగా నిలబడ్డాడు. వాడు రాకముందే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు కాబట్టి వాడికి ఏ పాపమూ అంటదు. బావ పెట్టిన ఆఖరి పరీక్షలో వాడు పాసయ్యాడు.

నేను అలాంటి పరీక్షలోనే మూడేళ్లుగా ఫెయిలవుతూ వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. బావ పేరు మీద మా ఊళ్లో మూడేళ్లుగా ఒక నింద ఉంది. బండి నడపడం రాని పిల్లాడికి వచ్చని రాసిచ్చాడనీ, అందువల్ల ఒక ప్రాణం పోయిందనీ. ఆ నింద అబద్ధం. అబద్ధమని మొదటి రోజు నుంచీ తెలిసినవాణ్ని నేను.

బావ అంటే మా అక్క మొగుడు. ముప్పై ఏళ్లు సర్కారు బస్సు నడిపాడు. ఎక్కువ కాలం తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి, తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు. రిటైరయ్యాక ఒక పాత కారు, ఒక పాత మోటారు సైకిలు పెట్టుకుని స్కూలు మొదలుపెట్టాడు. తెలుగిళ్ల పిల్లలు, అరవం ఇళ్ల పిల్లలు అందరూ వచ్చేవాళ్లు. నలభై రోజుల్లో లైసెన్సు అని బోర్డులు పెట్టినవాళ్లు పక్క వీధిలోనే ఉన్నా, జనం ఆయన దగ్గరికే పంపేవాళ్లు. లైసెన్సు సర్కారు ఇస్తుంది, బండితో నేల మీద ఎనిమిది అంకె వేసి చూపిస్తే చాలు. మా చుట్టుపక్కల ఇళ్లలో మాత్రం లైసెన్సు వచ్చినా, బావ నోటు పుస్తకంలో 'సరి' అని రాసేదాకా పిల్లాడికి బండి కొనేవాళ్లు కాదు. అదొక ఆచారంగా మారిపోయింది.

"ఎనిమిది వేసేది చెయ్యి బామ్మర్దీ," అనేవాడు నాతో. "రోడ్డు మీద పొయ్యేది బుద్ధి. చేతికి పరీక్ష పెట్టి బుద్ధికి లైసెన్సు ఇస్తాండారు."

మొదటి పది రోజులు పిల్లలకు స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. కారు తనే నడుపుతూ, పక్కన కూర్చున్న పిల్లాడి చేత రోడ్డును చెప్పించేవాడు. నేను ఒకసారి వెనక సీట్లో కూర్చుని విన్నాను.

"ముందర బస్సు ఆగుండాది మాస్టరూ."

"బస్సు నాకూ కనపడతాండాది. కనపడంది చెప్పు."

"కనపడంది ఎట్ల చెప్పేది?"

"బస్సు ముందరనించి ఒక పిల్లోడు ఉరికొస్తాడు. చెప్పు."

"రాలేదు కదా మాస్టరూ."

"రాలేదంటే మంచిదే. వస్తాడనుకోనే పో."

నేను నవ్వాను. "బావా, నువ్వు డ్రైవింగు నేర్పిస్తాండావా, జోస్యం నేర్పిస్తాండావా?"

"జోస్యమే. ఈ జోస్యం రానోడు జాతకం చూపించుకోని ఏం లాభం?" అన్నాడు, కళ్లు రోడ్డు మీదనుంచి తియ్యకుండా.

ఇంకొక పద్ధతి ఆ నోటు పుస్తకం. ప్రతి పిల్లాడికీ ఒకటి. బండి దిగాక, ఈరోజు ఎక్కడ భయమేసిందో వాడే రాయాలి. 'భయం లేదు' అని రాసినవాడికి మర్నాడు తాళం ఉండదు. బాగా పొగరుగా ఉన్నవాళ్లకు ఇది పెద్ద శిక్షగా ఉండేది. వారం తిరిగేసరికి వాళ్లే, తిరువాలంగాడు మలుపు దగ్గర లారీ దాటేటప్పుడు గుండె ఝల్లుమంది అని రాసేవాళ్లు. అది చదివి బావ సంతోషంగా తల ఊపేవాడు, మనవడికి పన్ను వచ్చిందని విన్నట్టు.

రక్తం బొమ్మలు చూపించి భయపెట్టడం ఆయనకు గిట్టదు. ఒక బడిలో రోడ్డు భద్రత మీద మాట్లాడమని పిలిస్తే వెళ్లాడు. ఆయనకు ముందు మాట్లాడినాయన గోడ మీద నుజ్జయిన తలలు, తెగిన కాళ్లు చూపించాడట. తిరిగొచ్చి నాతో అన్నాడు, "ఆ బయం టీ అంగడి దాకా ఉంటాదిరా. ఆడ టీ తాగి ముగ్గురూ ఒకే బండి ఎక్కుతారు. నాకు మాత్రం అట్ల జరగదులే అనేదే ఆ వయసు." ఒక తండ్రి తన కొడుక్కి వానలో బండి జారకుండా నడపడం నేర్పమని అడిగితే, నేర్పనన్నాడు. నేర్పితే వాడు వానలో ఇంటిపట్టున ఉండడని ఆయన వాదన.

ఆ వయసు పిల్లలకు చావంటే భయం లేదనీ, స్నేహితుల ముందు చులకనైపోతామన్నదే భయమనీ బావ కనిపెట్టాడు. ఎవరు చెప్పారో, ముప్పై ఏళ్లు బస్సు అద్దంలోంచి చూసి తెలుసుకున్నాడో నాకు తెలియదు. దానికి ఆయన ఇచ్చిన మందు చెప్పు. నిజంగా కాలి చెప్పే. "వెనక కూర్చున్నోడు ఇంకా పో, ఇంకా పో అన్నాడంటే వాదించొద్దు. వాదిస్తే ఓడతావు. బండి ఓరగా ఆపు. దిగు. వంగి చెప్పు సరి చేసుకో. మళ్ళా ఎక్కు. ఆ కొంచం సేపట్లో ఇద్దరి నెత్తురూ చల్లబడతాది. ఎవురి మానమూ పోదు." చెప్పి ఊరుకునేవాడు కాదు. వెనక ఒకణ్ని కూర్చోబెట్టి అరిపించి, ముందున్నవాడి చేత ఆపించి, దిగించి, చెప్పు సరి చేయించేవాడు. అలా పదే పదే. రోడ్డు పక్కన యువకులు వంగి వంగి చెప్పులు సవరించుకుంటుంటే దారిన పోయేవాళ్లు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఇక నా సంగతి. నేను రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాణ్ని. మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, తెలుగు చదివేవాళ్లే తగ్గిపోయారు. ఇంట్లో తెలుగు, బళ్లో అరవం. తాతలనాటి భాగపత్రాలు తెలుగులో ఉంటాయి కాబట్టి అవి పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను చదివి వినిపిస్తాను. వాళ్లు తల ఊపి సంతకం పెడతారు. నిజంగా అదే రాసి ఉందా అని పాతికేళ్లలో ఒక్కరు కూడా అడగలేదు. నేనూ ఒక్క అక్షరం మార్చి చదవలేదు, ఒక్కసారి తప్ప.

నా కొడుక్కి అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఐటీఐ చదివి, కాట్టుపల్లిలో ఓడలు కట్టేచోట కాంట్రాక్టు పని సంపాదించుకున్నాడు. మా ఇంట్లో మెడలో గుర్తింపు కార్డు వేసుకుని పనికి పోబోయే మొదటివాడు వాడే. కంపెనీ బస్సు మా వైపు రాదు. బండి కావాలి. నేను మోటారు సైకిలు బుక్ చేసేశాను. తిరుత్తణి కొండ కింద శుక్రవారం పూజకు చెప్పేశాను. బావ నోటు ఒక్కటే రావాలి. అది వస్తుందని నాకు అనుమానమే లేదు, మేనత్త మొగుడు కదా, మనవాడికి రాయడా అని.

ఆ వారం బావ వాడికి చివరి పరీక్ష పెట్టాడు. కడంబత్తూరులో వాడి స్నేహితుడొకడున్నాడు. వాణ్ని వెనక కూర్చోబెట్టుకుని కడంబత్తూరు దాకా వెళ్లి రమ్మన్నాడు. తను తన పాత బండి మీద దూరంగా వెంట వెళ్లాడు. తిరిగొచ్చాక ఏమీ అనకుండా నోటులో రాసి ఇచ్చాడు. పిల్లాడి ముందు తండ్రిని, తండ్రి ముందు పిల్లాణ్ని తక్కువ చేయకూడదని ఆయన ఫలితం ఎప్పుడూ నోటితో చెప్పడు, పెద్దవాళ్లకు రాసి పంపుతాడు. చిన్నప్పుడు తెలుగు బళ్లో చదివాడు కాబట్టి తెలుగులోనే రాస్తాడు. అరవం ఇళ్లవాళ్లకైతే అక్క చేత రాయిస్తాడు. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్నే. నా భార్యా, నా కొడుకూ అరవం బళ్లో చదివినవాళ్లు.

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. వాడు నోటు తెచ్చి ఇచ్చాడు.

"ఏం రాసుండాడు నాయనా మామ?"

నేను చదివాను. బావ దస్తూరి గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. తప్పు చదవడానికి వీల్లేని దస్తూరి. ఇలా ఉంది:

'ఒక్కడే పోతే నిదానం ఉండాది. వెనక సావాసగాడు కూర్చుంటే వాడి మాట వింటాడు, రోడ్డు చూడడు. మూడు నెలలు బండి ఇయ్యొద్దు. నేను చూసుకుంటాను.'

పైకి ఇలా చదివాను: "బాగా నడపతాండాడు. దిగులు లేదు. బండి ఇయ్యొచ్చు."

వాడి మొహం వెలిగింది. మళ్లీ ఒక నిమిషం ఆగి, "నిజంగానా? మామ మొగం చూస్తే అట్ల అనిపించలేదే," అన్నాడు.

"మీ మామ మొగం ఎప్పుడూ అంతేలేరా," అని నోటు మూసి వాడికిచ్చాను. వాడు మర్నాడు దాన్ని తీసుకెళ్లి మామకు తిరిగి ఇచ్చేశాడు. తన మీద రాసిన మాటను తనే మోసుకొచ్చి, తనే మోసుకుపోయాడు. ఒక్క ముక్క తెలియకుండా.

శుక్రవారం తిరుత్తణిలో బండికి పూజ చేయించాం. గంధం, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. రెండు నిమ్మకాయలూ చక్కగా నలిగాయి. పూజారి ఇంక భయం లేదన్నాడు. ఆ మాట వినడానికే అంత దూరం వెళ్లినట్టు నాకు హాయిగా అనిపించింది. మూడు నెలలు ఆగమన్న మనిషి కన్నా, రెండు నిమ్మకాయలు నాకు ఎక్కువ నచ్చాయి.

రెండు రోజులకు బావ ఫోను చేశాడు. "బండి తీసిచ్చినావంట?"

"పనికి పోవల్ల కదా బావా."

"నేను రాసింది చదివినావా?"

"చదివినా."

"పాత్తు పొమ్మని చెప్పు," అని పెట్టేశాడు. జాగ్రత్తగా వెళ్లమని ఎవరికి చెప్పాలన్నా ఆయన ఆ అరవం మాటే వాడేవాడు. ఆయన నన్ను ఆ రోజు గట్టిగా తిట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తప్పును పక్కవాడి మీదికి నెట్టడంలో అప్పటికే చెయ్యి తిరిగింది నాకు.

పూజ చేసిన పదకొండో రోజు నా కొడుకూ, కడంబత్తూరు స్నేహితుడూ తిరుత్తణి వెళ్లి తిరిగి వస్తున్నారు. మిట్టమధ్యాహ్నం. వెనకవాడు ఇంకా పో, ఇంకా పో అన్నాడట. వీడు వెళ్లాడు. తిరువాలంగాడు మలుపు దగ్గర బస్సును దాటబోయి, ఎదురుగా వచ్చిన లారీని చూసి పక్కకు తిప్పాడు. వెనకవాడు అక్కడికక్కడే పోయాడు. నా కొడుకు ఎడమ కాలు మోకాలి కింద ముక్కలైంది. హ్యాండిలుకు కట్టిన పూలదండ ఇంకా పూర్తిగా ఎండలేదు.

ఆస్పత్రిలో వాడికి తెలివి వచ్చాక మంచం చుట్టూ జనం ఉన్నారు. పోయిన పిల్లాడి చిన్నాయన గట్టిగా అడిగాడు, "ఎవుర్రా నీకు బండి ఇయ్యమన్నది?"

"మామ పాసు చేసినాడు. నోట్లో రాసిచ్చినాడు," అన్నాడు నా కొడుకు.

బావ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశాడు. ఒక్క చూపులోనే మొత్తం అర్థమైపోయిందని నాకు తెలిసింది. నేను సెలైను సీసా వైపు చూస్తూ బొట్లు పడడం గమనించాను. ఎంతసేపో తెలియదు. నేను నోరు తెరవడానికి చాలినంత సేపు.

"అవును," అన్నాడు బావ. "నేనే రాసిచ్చినాను."

ఆ వారమే పోయిన పిల్లాడి తల్లి కడంబత్తూరు నుంచి వచ్చింది. ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేసుకుని, మొగుడు లేకుండా ఒక్క కొడుకును పెంచుకున్న మనిషి. బావ గేటు ముందు నేల మీద కూర్చుని, రెండు చేతులా మట్టి ఎత్తి ఆయన మీద పోసింది. "చేత్తో రాసిచ్చినావంట కదయ్యా! ఆ చెయ్యి పడిపోనూ!" అని అరిచింది. బావ కదల్లేదు, తల కూడా దులుపుకోలేదు. నేను వీధికి అటువైపు నిలబడి ఉన్నాను. అంత దూరం నుంచి కూడా ఆయన చొక్కా మీద మట్టి రంగు కనిపించింది. ఇంటికెళ్లి నేను అన్నం తిన్నాను. ఇది రాయకపోయినా ఎవరికీ తెలియదు, అందుకే రాస్తున్నాను.

తర్వాత పిల్లలు రావడం తగ్గిపోయింది. మేనల్లుడికే సరిగా నేర్పలేనివాడు మనవాళ్లకేం నేర్పుతాడన్నారు. కాట్టుపల్లి పని పోయి, ఇంట్లో కుంటుతూ తిరుగుతున్న నా కొడుకును బావ తన స్కూల్లో పెట్టుకున్నాడు. చేసిన పాపానికి పరిహారం చేసుకుంటున్నాడని ఊరంది. నేను కాదనలేదు. పైగా ఒకరిద్దరి ముందు నిట్టూర్చాను కూడా. రెండేళ్లకు బావ కుడి చెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బని డాక్టరు చెప్పాడు, ఆ తల్లి శాపమని ఊరు చెప్పింది.

ఆ రోజుల్లో బావ అప్పుడప్పుడూ నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. జనం లేని వేళ చూసుకుని వచ్చేవాడు. బెంచీ మీద కూర్చుని, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, వీధిలోకి చూస్తూ ఉండేవాడు. నేను టీ తెప్పించేవాణ్ని.

"ఏమన్నా చెప్పల్లా బామ్మర్దీ?"

"ఏం లేదు బావా. నీకేమన్నా పనుండాదా?"

"నాకేం పని? ఊరికే వచ్చినా."

టీ తాగి, గ్లాసు బల్ల కింద పెట్టి వెళ్లేవాడు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేవాడు. మళ్లీ అదే మాట. ఆయన వస్తే నాకు విసుగొచ్చేది. ఇప్పుడు చెప్తున్నాను, నిజంగా విసుగొచ్చేది. తాళం చేతిలో పెట్టుకుని పిల్లల్ని చూసినట్టే నన్నూ చూస్తున్నాడని నాకు తట్టలేదు.

బావ పదహారో రోజు కర్మ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, అక్క ఒక ట్రంకు పెట్టె తెరిచింది. అందులో నోటు పుస్తకాలు. పైన ఉన్నది తీసి నా కొడుకు చేతికిచ్చింది. అట్ట మీద వాడి పేరు. ఇక తప్పదని తెలిసి, "నేను ఆ పొద్దు..." అని మొదలుపెట్టాను. నోటులో ఉన్నదీ, నేను పైకి చదివిందీ చెప్పేశాను. కొడుకు మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాను.

వాడు అంతా విన్నాడు. "నాకు తెలుసు నాయనా," అన్నాడు.

బావ చెయ్యి వణకడం మొదలయ్యాక, నోటుల్లో రాయడానికి నా కొడుక్కి తెలుగు అక్షరాలు నేర్పాడట. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక వీడు మొదట వెతికి చదివింది తన నోటే. చదివి, మామ దగ్గరికి పరిగెత్తి, ఇదేందని అడిగాడట.

"మామ ఏమన్నాడు?" అన్నాను.

"మీ నాయనే చెప్తాడు, అందాకా నువ్వు అడగొద్దు, ఆయన్ని చెప్పనీ అన్నాడు. మేమిద్దరమూ కాచుకోనుంటిమి."

అక్క పెట్టె మూస్తూ అంది, "ఆస్పత్రినించి వచ్చినాక నేను కొట్లాడినాను మీ బావతో. ఎందుకయ్యా నెత్తికెత్తుకుంటివి అని. పిల్లోడికి కాలు పోయింది, సావాసగాడు పోయినాడు, ఇప్పుడు నాయన కూడా పోతే వాడికి ఇంకేం మిగలతాది అన్నాడు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

క్షమించమని అడగబోయాను. నా కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు చెప్పి ఏం లాభం? మన్నెత్తి పోసిన ఆ యమ్మకు చెప్పు."

ఈ రాత గురించి కూడా వాడు ఒక మాటన్నాడు. "తెలుగులో రాస్తే ఈడ ఎవురు చదవతారు? మళ్ళా దాక్కుంటాండావు నాయనా." నిజమే. అందుకే జరిగినదంతా అరవంలో కూడా రాసి, బావ గేటుకు అంటించాను. పిల్లలు, పెద్దలు ఆగి చదువుతున్నారు. నా బల్ల దగ్గరికి పాత పత్రాలు తెచ్చేవాళ్లు తగ్గారు. తగ్గాలి. నా కొడుకు ఇప్పుడు ఆ ఎడమ సీట్లో కూర్చుంటున్నాడు. నోటుల్లో అరవంలో రాస్తున్నాడు, తండ్రికి కాదు, నడిపే పిల్లాడికే. బావ చేసిన తప్పు అదొక్కటేనని వాడంటాడు. పెద్దవాళ్లకు పిల్లల కన్నా బుద్ధి ఎక్కువనుకున్నాడట.

గేటుకు కాగితం అంటించకముందే, కర్మ అయిన మూడో రోజు, మేమిద్దరం కడంబత్తూరు వెళ్లాం. ఆ తల్లి క్యాంటీను పనినుంచి అప్పుడే వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. లోపల గోడ మీద సిలువ, దాని కింద కొడుకు ఫోటో. నన్ను చూసి కూర్చోమనలేదు.

"అక్కా, తప్పు మా బావది కాదు, నాది," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. నోటు తెరిచి, ఆ పేజీ చదివి వినిపించాను. ఉన్నది ఉన్నట్టు. ఒక్క అక్షరం మార్చలేదు. పాతికేళ్లుగా నమ్మకం సంపాదించిన గొంతుతో, నింపాదిగా చదివాను.

ఆమె ఏడవలేదు. నా వైపే చూస్తూ అడిగింది, "ఈసారన్నా రాసిందే చదివినావా? లేకుంటే ఇది కూడా నీ ఇష్టమేనా?"

ఆ ప్రశ్న నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు.

ఆమె చెయ్యి చాచి నా చేతిలోంచి నోటు తీసుకుంది. నన్ను దాటుకుని, వాకిలి బయట కర్ర ఆనించి నిలబడిన నా కొడుకు దగ్గరికి వెళ్లింది. నోటు వాడి చేతిలో పెట్టింది. "నువ్వు చదువు నాయనా," అంది.

వాడు మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. వాడు అక్షరం అక్షరం కింద వేలు జరుపుతూ, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. 'వెనక... సావాస... గాడు... కూర్చుంటే...' ఆమెకు ఆ లిపి రాదు. అయినా బావ నీలం సిరా మీద వాడి వేలు ఎక్కడుంటే అక్కడే చూస్తూ వింది. 'నేను చూసుకుంటాను' దగ్గరికి వచ్చి వేలు ఆగింది.

"మళ్ళా ఒకసారి," అంది ఆమె.

వాడు వేలు వెనక్కి తెచ్చి, మొదటి మాట కింద పెట్టాడు.